ఎండకాలం కొట్టివేసిన ఊరు

ఓదెమ్మ ఎండకాలాన్ని ఒక గదిలో కట్టింది.

అది గనిలోని పాత పంపుల గది. గోడలకు పసుప్పచ్చ రంగు వేయించింది. నేలంతా ఇసుక పోయించింది. మూలకు ఒక రంజన్ కుండ పెట్టి, దాని నడుముకు తడిగుడ్డ చుట్టింది. తాటాకులు ఎక్కడివి, అట్టముక్కలు కోసి పదకొండు విసనకర్రలు తయారుచేసింది. బట్టలు ఆరబెట్టే గదిలోంచి వేడిగాలి ఊదే యంత్రాలు రెండు అడిగి తెచ్చి గోడకు బిగించుకుంది. ఆఖరున తలుపు మీద సుద్దముక్కతో ‘ఎండకాలం’ అని దిద్ది, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. తనకు తెలిసిన ఎండకాలం ముందర ఇది బొమ్మలాట. అయినా పిల్లలకు మొదటిరోజుకు ఇది చాలుననుకుంది.

చలువగూడెం నేలకింది ఊరు. పైన ఎండ యాభై దాటి మనుషులు పిట్టల్లా రాలిపోతున్న రోజుల్లో, బొగ్గు తవ్వి వదిలేసిన గనిలోకి నాలుగు వందల మంది దిగారు. తొమ్మిదేళ్ళ కిందటి మాట. ఓదెమ్మ తల్లి మాత్రం దిగనంది. ‘వారంలో వచ్చి తీస్కపోతనే అవ్వా’ అని చెప్పి వచ్చిన ఓదెమ్మ, మళ్ళీ పైకి పోనేలేదు. ఆ మాట ఆమె ఇప్పటికీ మరువలేదు.

ఊరి నడుమ చలువ యంత్రం తిరుగుతుంది. దాన్ని నడిపేది ఓదెమ్మ కూతురు స్వరూప. తెల్లారి చూసినా ఇరవై నాలుగు డిగ్రీలే, మిట్టమధ్యాహ్నం చూసినా ఇరవై నాలుగే. అక్కడ పుట్టిన చిన్నపిల్లలకు ఋతువులంటే గోడకు వేలాడే పటాలు.

ఇప్పుడా ఊరు ఖాళీ చేయక తప్పని రోజు వచ్చింది. గనిలో ఊటనీళ్ళు ఏటేటా పైకొస్తున్నాయి. రెండు రోజుల ప్రయాణం దూరంలో, ఎత్తైన గుట్టల మీద కొత్త ఊరు కడుతున్నారు. స్వరూప భర్త రాజలింగం ఆ ఇళ్ళ పనిలోనే ఉన్నాడు. గుట్ట మీద ఎండలు నలభై దాకా పోతాయి గాని, చెమటోడుస్తూ మనిషి బతకగలడు. దారి చల్లగా ఉండగానే, శివరాత్రికి ముందే, అందరూ కదలాలి. అందుకని పిల్లల బడి చూసే ఓదెమ్మకు ఒక పని అప్పజెప్పారు. ఎండకాలమే ఎరగని, మూడేళ్ళు దాటి ఆరేళ్ళు నిండని నలభై ఒక్కమందికి అదేమిటో నేర్పాలి.

మొదటి జట్టు పదకొండు మంది. అందులో ఓదెమ్మ మనుమరాలు మంజీర ఉంది. ఐదున్నరేళ్ళది. నోరు మాత్రం పదిహేనేళ్ళది.

“చెప్పుండ్రి చూద్దాం. ఎండకాలం అంటే ఏంది?”

“పెద్ద బల్బు!” అన్నాడొకడు.

“బల్బు గాదురా. ఆ గోడకున్నది గదా, గది!” అంది ఇంకో పిల్ల, వేడి ఊదే యంత్రాన్ని చూపించి.

మంజీర చెయ్యెత్తింది. “అవ్వా, ఎండకాలంల బడి ఉండదని నువ్వే చెప్పినవ్. మరి ఇప్పుడు ఎండకాలమేనా? అయితే బడి లేనట్టే గదా. పోదామా?”

పిల్లలందరూ గొల్లున నవ్వారు.

“నీలెక్క అడిగేటోళ్ళను మా కాలంల బెంచీ ఎక్కిచ్చెటోళ్ళు. కూసో,” అంది ఓదెమ్మ, తనూ నవ్వుతూ.

అందరినీ ఇసుకలో కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టింది. పొద్దెక్కేసరికి నేల కాలడం, మధ్యాహ్నం వీధులన్నీ తలుపులేసుకుని మూగబోవడం, రంజన్ నీళ్ళ మట్టివాసన. చెబుతూ చెబుతూ తనే ఆ రోజుల్లోకి పోయింది. “అన్నిట్లకంటె మజా ఏందో తెలుసా? ఒళ్ళంత చెమట కారుతుంటది. అప్పుడు నీడకు కూసోని విసనకర్ర ఒక్కసారి ఊపుకుంటే, అబ్బ! ఆ ఒక్క ఊపు కోసం ఎండకాలమంత ఓర్చుకోవచ్చు.”

“చెమట అంటే?”

అడిగిన పిల్ల మాట మింగేసి కెవ్వుమంది. “అవ్వా! నీ నొసలు ఏడుస్తున్నది!”

పిల్లలు బెదిరిపోయి వెనక్కి జరిగారు. ఓదెమ్మ నుదుటి మీద బొట్లు బొట్లుగా నిలిచిన చెమట కనుబొమ్మల మీదుగా జారుతోంది. వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక మనిషి ముఖం అలా తడవడం చూడలేదు. మంజీరకే ముందు ధైర్యం వచ్చింది. దగ్గరకొచ్చి వేలితో అద్ది నాలుకకు రాసుకుంది.

“ఉప్పగున్నదిరా!”

ఇంకేముంది, పదకొండు మంది అవ్వ ముఖం మీద పడ్డారు.

“ఆగుండ్రి, ఆగుండ్రి! గిదే చెమట. మీకు గూడ వస్తది. వచ్చినంక అందరం ఒక్కపాలి విసనకర్రలు ఊపుదాం. అప్పుడు తెలుస్తది మీకు.”

పిల్లలను ఆ వేడిలో ఉంచడానికి ఊరి డాక్టరమ్మ ఇచ్చిన గడువు పది నిమిషాలు. పది అయింది, పదిహేనయింది. ఓదెమ్మ ఒక్కొక్కరి నుదురూ తడిమి చూసింది. ఎవరికీ తడి లేదు. ముఖాలు మాత్రం ఎర్రగా కందాయి. చెమట పట్టకుండా విసనకర్ర ఊపితే పాఠం అబద్ధమైపోదూ? మొదటిసారి గనుక ఆలస్యమవుతోందేమో, ఇంకాస్త వేడైతే అదే వస్తుంది అనుకుంది. లేచి వెళ్ళి వేడి యంత్రం మీట ఒక గుర్తు పైకి జరిపింది.

“అవ్వా, నిద్రొస్తున్నది,” అంది మంజీర.

“ఎండకాలం మధ్యాహ్నం గట్లనే ఉంటది బిడ్డా. ఇంకొంచెం సేపు.”

మంజీర ఇసుకలో పక్కకు ఒరిగింది. ఆడుతోందనుకున్నారు. ఓదెమ్మ నవ్వుతూనే వంగి, లేపుదామని ఆ పిల్ల మెడ కింద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. పొయ్యి మీది పెనం ముట్టుకున్నట్టుంది. కాలిపోతున్న ఆ ఒంటి మీద, పాతికేళ్ళు పిల్లలను సాకిన ఆమె చేతికి, ఒక్క చుక్క తడి తగల్లేదు.

మంజీర కళ్ళు సగం తెరుచుకునే ఉన్నాయి. చూపు లేదు.

ఓదెమ్మకు తలుపు ఎలా తీసిందో, పిల్లను ఎత్తుకుని రెండు వందల గజాల సొరంగం ఎలా పరుగెత్తిందో తెలియదు. డాక్టర్ ఫరీదా పిల్లను లాక్కుని నీళ్ళ తొట్టిలో ముంచింది. చంకల్లో, మెడ కింద మంచుగడ్డలు పెట్టింది. తక్కిన పదిమందిని ఎవరో మోసుకొస్తున్నారు. ఇద్దరు వాంతి చేసుకుంటున్నారు. పద్నాలుగు నెలల కొడుకు సిమ్మును చంకనేసుకుని స్వరూప పరుగున వచ్చింది. గడపలో ఆగిపోయింది. తొట్టిలోని కూతుర్ని చూసింది, తల్లిని చూసింది.

గంట తరవాత మంజీర పెదవులు కదిలాయి. “అవ్వా, ఊపినరా విసనకర్రలు? నన్ను లేపలేదేంది?”

ఓదెమ్మ తడిసిన పిల్ల జుట్టు కొంగుతో తుడవసాగింది.

మర్నాడు ఫరీదా పిల్లలనందరినీ పిలిపించింది. చొక్కాలు విప్పించి వీపులకు అయొడిన్ రాసింది. ఆరాక, ఎండబెట్టి దంచిన గంజిపొడి పైన చల్లింది. ఓదెమ్మకు కూడా జబ్బ మీద అదే రాసి వాళ్ళతోపాటు కూర్చోబెట్టింది. గది కాస్త వెచ్చగా, అంతే. ఐదే నిమిషాలు.

“చెమట బొట్టు ఎక్కడ పుడితే అక్కడ నల్లటి నీలం చుక్క పడుతుందమ్మా,” అంది.

ఓదెమ్మ చూస్తుండగానే తన ముడతల జబ్బ మీద చుక్కలు లేచాయి. ఒకటి, పది, వంద. చివరికి జబ్బంతా సిరా ఒలికినట్టయింది. పిల్లల వీపులు మాత్రం గోధుమరంగులోనే మిగిలాయి. ఫరీదా భూతద్దం పట్టుకుని వరుసగా వెళ్ళింది. మొదటి వీపు. పదో వీపు. ముప్పయ్యోది. నలభై ఒకటో వీపు దగ్గర చాలాసేపు వంగే ఉండిపోయింది. లేచి నిలబడ్డప్పుడు ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఒక్కరికి కూడా లేదు.”

“అంటే ఏందమ్మా?” అని అడిగింది ఓదెమ్మ. అడిగిందే గాని, జవాబు వినకుండా చెవులు మూసుకోవాలనిపించింది.

“చెమట పట్టే రంధ్రాలు పుట్టుకతో అందరికీ ఉంటాయి. తెరుచుకోవాలంటే మాత్రం ఒంటికి వేడి తగలాలి. అదీ మొదటి మూడేళ్ళలోనే. ఈ లోకం ఎంత వేడిగా ఉంది, ఎన్ని తెరవాలి అని పసి ఒళ్ళు చూసుకుంటుంది. మన పిల్లల ఒళ్ళూ చూసుకుంది. ఒక్కటీ అక్కర్లేదనుకుంది.”

“ఇప్పుడు తెరిపియ్యరాదా? మందు ఏదన్న...”

“మూడేళ్ళు దాటాక మూసుకున్నవి మూసుకున్నట్టే. మందు లేదు. గుట్ట మీద నలభై డిగ్రీల ఎండలో పెద్దవాళ్ళం తడిసి బతుకుతాం. వీళ్ళు గంట కూడా ఆగలేరు.”

“తడిబట్ట చుట్టి తిప్పితేనో?”

“ఒక పూట తిప్పగలం. నెలల తరబడి, నిద్రలో కూడానా? అక్కడ తాగే నీళ్ళకే వంతులు.” ఫరీదా భూతద్దం బల్ల మీద పెట్టింది. “మూడేళ్ళలోపు వాళ్ళు పంతొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళకింకా సమయం ఉంది. నాకు ఒక్కటే అర్థం కాదు. ఇంత యంత్రం కట్టినవాళ్ళు ఈ సంగతి ఆలోచించలేదా?”

ఓదెమ్మ లేచి గుమ్మం వైపు నడిచింది. ఆలోచించారు. ఆ సంగతి ఈ ఊళ్ళో తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇంటికి వచ్చేసరికి స్వరూప అన్నం కలిపి మంజీర నోట్లో పెడుతోంది. సిమ్ము కంచం అంచు పట్టుకుని నిలబడి, ప్రతి ముద్దకూ నోరు తెరుస్తున్నాడు. “వీడు నా బువ్వ గుంజుకుంటున్నడు!” అని మంజీర అరుస్తోంది. ఎప్పటి రోజులాగే ఉంది. ఓదెమ్మ గడపలోనే కూర్చుంది.

స్వరూప చెయ్యి కడుక్కుని యంత్రం గది నుంచి తెచ్చిన పాత చుట్ట ఒకటి తల్లి ముందు విప్పింది. చలువ యంత్రం మొదటి పట్టిక. మాఘం ఇరవై రెండు, చైత్రం ముప్పై, వైశాఖం ముప్పై నాలుగు, జ్యేష్ఠం ముప్పై మూడు. కట్టినవాళ్ళు నేలకింది ఊరికి కూడా ఆరు ఋతువులూ పెట్టారు. చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా ఎర్రగీత కొట్టి, ఏడాదంతా ఇరవై నాలుగని దిద్ది ఉంది. ‘శిశువుల గది వారి అర్జీ మేరకు’ అని పక్కన రాసి ఉంది. అర్జీ దానికే గుచ్చి ఉంది. అచ్చు చూసి నేర్చుకున్న చేతిరాత. అక్షరాలు విడివిడిగా, నిటారుగా, దేనికది నిలబడి ఉన్నాయి.

‘అయ్యా, పసిపిల్లలకు ఒళ్ళంతా చెమటకాయలు లేచి నిద్రపోవడం లేదు. నేలకిందికి వచ్చిన తర్వాత కూడా మనకు ఎండకాలం ఎందుకు? దయచేసి తీసివేయగలరు.’

కింద ఇరవై ముగ్గురు తల్లుల సంతకాలు. ఆరేళ్ళ కిందట, శిశువుల గది చూస్తున్నప్పుడు, తనే ఇల్లిల్లూ తిరిగి పెట్టించింది. ఎండకాలం తీసేసిన రోజు అందరికీ సేమ్యా పాయసం వండిపెట్టింది. ఆ పగలు పసివాళ్ళు ఎంత హాయిగా నిద్రపోయారో, ఆ నిద్రను చూసి ఎంత మురిసిందో!

“నేనే బిడ్డా,” అంది. “నా చేతులతోని నేనే...”

“నాకు ఎరికనే అమ్మా. అర్జీ రాసింది నువ్వు. మీట తిప్పింది నేను. మంజీర అప్పుడు నా కడుపుల ఉన్నది.” స్వరూప పట్టిక అడుగున వేలు పెట్టింది. అక్కడ సన్నటి పెన్సిల్‌ రాత ఉంది: ‘ఈ వేడి తీసివేయరాదు.’ “యంత్రం కట్టిన ముసలి ఇంజినీరు సారు రాసిండు. రెండో ఏడే పాణం పాయె. ఎందుకు తియ్యద్దో ఒక్క ముక్క రాస్తే ఏమయ్యేది? రాసి ఉంటే చదువుదుము గదా!”

మంజీర ముద్ద నోట్లోనే ఉంచుకుని, తల్లినీ అవ్వనూ మార్చి మార్చి చూసింది.

నాలుగు రోజులకు ఊరంతా పెద్ద సొరంగంలో సమావేశమైంది. స్వరూప నిలబడి చెప్పింది. యంత్రాన్ని గుట్టకు తరలించడం కుదరదు, ఊడదీస్తే మళ్ళీ బిగియదు. ఊరంతటినీ చల్లబరచడం ఇక దానివల్ల కాదు. ఎత్తులో ఉన్న ఉత్తరపు సొరంగం ఒక్కదాన్ని నిలబెట్టవచ్చు. మనిషి ఒంటి వేడి కూడా యంత్రానికి బరువే. అంచేత నలభై ఒక్క పిల్లలు, పద్నాలుగు మంది పెద్దలు. పదిహేనో మనిషికి చోటు లేదు. డాక్టరమ్మ ఉండాలి. యంత్రం నడపాలి గనుక తను ఉండాలి. పంతొమ్మిది మంది పసివాళ్ళు మాత్రం ఇక ఈ చలువలో ఉండకూడదు, ఉంటే వీళ్ళలాగే అవుతారు. వాళ్ళు శివరాత్రికి ముందే గుట్టకు పోవాలి. మొదటి ఎండ నుంచీ వేడి అలవాటు చేయాలి. వెళ్ళినవాళ్ళకు కార్తీకం దాకా దారి మూసుకుపోయినట్టే.

ఒక్కొక్కరూ తమ పిల్లల వయసు వేళ్ళమీద లెక్కేసుకుంటున్నారు. లెక్క తెగినచోట ఒక ఏడుపు, ఇంకోచోట ఇంకొకటి.

ఓదెమ్మ లేచింది. అర్జీ సంగతి మొత్తం చెప్పింది. దాచుకోవడానికి ఏమీ మిగుల్చుకోలేదు. “నన్ను ఈ పిల్లల కాడ ఉండనియ్యుండ్రి. సచ్చేదాక వీళ్ళకు చాకిరి చేస్త,” అని చేతులు జోడించింది.

భూలక్ష్మి విసురుగా ముందుకొచ్చింది. నాలుగేళ్ళ కొడుకు ఒక జాబితాలో, ఏడాదిన్నర కూతురు ఇంకో జాబితాలో ఉన్న తల్లి.

“ఈడ కూసోని ఏడుస్తవా అవ్వా? మస్తు సుఖమైన శిక్ష! అక్కడ గుట్ట మీద నా పొల్లను ఎవరి చేతుల పెట్టాలె? ఎండల ఇంతమంది పసిపిల్లల్ని సాకిన చెయ్యి ఈ ఊళ్ళె నీదొక్కటే మిగిలింది. మాకేం తెలుసు, ఎంతసేపు ఉంచాలె, ఎప్పుడు నీడకు తేవాలె? మొన్న నువ్వే ఎక్కువసేపు ఉంచితివి. ఇగ నీకన్న జాగ్రత్త ఎవ్వరికుంటది? వాళ్ళ చెమట నువ్వు తీసినవ్. వీళ్ళ చెమట నువ్వే తెప్పియ్యాలె.”

ఓదెమ్మ కూతురి వైపు చూసింది. ‘వద్దు’ అని అంటుందేమోనని ఆశ. స్వరూప నెమ్మదిగా తల ఊపింది. “భూలక్ష్మి చెప్పింది నిజం అమ్మా. సిమ్మును నువ్వు తీస్కపోవాలె.”

అప్పుడు గాని ఓదెమ్మకు పూర్తిగా తలకెక్కలేదు. తల్లి ఒడిలోంచి పసివాణ్ణి తీసి మోసుకుపోయేది తానే.

ఆ తరవాతి దినాలు ఇంట్లో చిత్రంగా గడిచాయి. స్వరూప సిమ్ముకు పాలు మాన్పించాలి. దీపాల వెలుగులో పండించిన కాకరకాయలు దంచి, రసం రొమ్ముకు రాసుకునేది. సిమ్ము నోరు పెట్టి, ముఖం వికారంగా పెట్టి, ఉమ్మేసి, అమ్మ ముఖంలోకి ఒకసారి చూసి మళ్ళీ నోరు పెట్టేవాడు. చేదంతా చప్పరించి పాలు తాగేవాడు.

“వీడు నీకన్న మొండోడే అమ్మా,” అని స్వరూప నవ్వింది. నవ్వు సగంలోనే ఆగింది. మూడు రోజులు చూసి కాకరరసం పారబోసింది. “ఉన్నన్ని దినాలు తాగనీ,” అంది.

మంజీర మాత్రం ఊరంతా తిరిగి లెక్కలు చెప్పేది. “మేం నలభై ఒక్కళ్ళం, మాకు స్పెషల్ సొరంగం. చిన్న పోరగాండ్లకు లేదు.” పెద్దవాళ్ళు తలలు తిప్పుకునేవారు.

వెళ్ళే పొద్దున లిఫ్టు దగ్గర జనం నిండిపోయారు. సిమ్ము అమ్మ కొంగు చివర నోట్లో పెట్టుకుని ఉన్నాడు. లాగితే ఏడుస్తాడని స్వరూప కొంగు చించి, ఆ ముక్కతోనే వాణ్ణి తల్లి చేతుల్లో పెట్టింది. మంజీర తమ్ముడి చెంప గిల్లి, “ఎండకాలం చూసొచ్చి నాకు చెప్పు,” అంది. ఓదెమ్మ ‘మళ్ళీ వస్త’ అనలేదు. ఆ మాట ఇంకొకసారి అనే ధైర్యం ఆమెకు లేదు. తలుపు పడింది. పైకి లేస్తున్న లిఫ్టులో పంతొమ్మిది మంది పసివాళ్ళు ఒక్కసారే ఏడుపు అందుకున్నారు. ఆ ఏడుపు సొరంగంలోకి దిగి, కింద నిలబడినవాళ్ళను వెతుక్కుంటూ పోయింది.

గుట్ట మీద ఓదెమ్మ చేతికి గడియారం కట్టుకుంది. ఫాల్గుణంలో పొద్దుటి ఎండ ఐదు నిమిషాలు. చైత్రంలో పావుగంట. ఒక్కొక్కరి చెవి వెనక చెయ్యి పెట్టి చూసేది. వేడి ఎక్కితే వెంటనే నీడకు తెచ్చి, నీళ్ళు తాగించి, ఒళ్ళు తుడిచేది. పిల్లలు గుక్కపట్టి ఏడిస్తే తల్లులు పరుగెత్తుకొచ్చేవారు. “ఇగ చాలు అవ్వా, నీకు దండం పెడ్త,” అని, కొడుకును కింద వదిలి కూతురితో వచ్చిన భూలక్ష్మే ఏడ్చిన రోజుంది. ఓదెమ్మ గడియారం చూసి, “ఇంకో రెండు నిమిషాలు బిడ్డా,” అనేది. నిమిషం ఎక్కువైనా ఆమె గుండె ఆగిపోయేది. నిమిషం తక్కువైనా అంతే. పడుకున్నా లేచినా ఆమె అరచేతికి ఒకటే స్పర్శ జ్ఞాపకం: ఇసుకలో పడి ఉన్న పిల్ల, కాలుతున్న మెడ, పొడి చర్మం.

వైశాఖం సగమైంది. ఒక మధ్యాహ్నం పందిరి కింద సిమ్ము ఆమె ఒళ్ళో నిద్రపోతున్నాడు. పక్కకు తిప్పుదామని మెడ కింద చెయ్యి పెట్టింది.

చెయ్యి తడిసింది.

తన చెమటే అనుకుంది. చీరకు గట్టిగా తుడుచుకుని, ఆరేదాకా గాలిలో ఊపి మళ్ళీ పెట్టింది. తడి. ఇంకోసారి. మళ్ళీ తడి. వాడి జుట్టు కుదుళ్ళలో ఆవగింజంత బొట్లు పుట్టి, ఒకదానికొకటి కలిసి, వెన్ను మీదికి జారుతున్నాయి.

ఆమె వేసిన కేకకు రాజలింగం గోడ మీది నుంచి దూకి పరుగెత్తుకొచ్చాడు. కొడుకు మెడ తడిమాడు. సున్నం అంటిన తన చేతి మీది తడిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాడు.

కింది ఊరితో మాట్లాడే ఫోను తీగ కొట్టుగది నుంచి పందిరి దాకా లాగి ఉంది. కిందినుంచి స్వరూప ఎత్తింది.

“వచ్చింది బిడ్డా. సిమ్ముకు వచ్చింది.”

“నిజంగనా? నీ చెయ్యి తుడుచుకోని చూసినవా?”

“మూడుసార్లు చూసిన.”

“వాని చెవికాడ పెట్టమ్మా,” అంది స్వరూప.

కేకలకు లేచి కూర్చున్న సిమ్ము చెవి దగ్గర ఓదెమ్మ ఫోను పెట్టింది. “సిమ్మూ... నాన్నా... అమ్మనురా... అమ్మను.” వాడు ఆ పరికరాన్ని అటూ ఇటూ చూశాడు. అందులోని గొంతు ఎవరిదో తెలియలేదు. బెదిరి, గిరుక్కున తిరిగి ఓదెమ్మ మెడకు కరుచుకున్నాడు.

“అమ్మ,” అన్నాడు ఆమెను పట్టుకుని. గట్టిగా, స్పష్టంగా.

ఫోను ఇంకా వాడి చెంప దగ్గరే ఉంది. ఆ మాటను గాలిలోనే పట్టుకుని వెనక్కి నెట్టగలిగితే ఓదెమ్మ నెట్టేసేది.

ఏదో గలగలమంది. మంజీర గొంతు వచ్చింది. “అవ్వా, అమ్మ అటు తిరిగి నిలవడ్డది. ఏమైంది?”

“తమ్మునికి చెమట వచ్చింది బిడ్డా.”

“అంటే వానికి ఎండకాలం వచ్చినట్టా?”

“వచ్చినట్టే.”

“మరి నాకెప్పుడొస్తది?”

ఓదెమ్మ నాలుక చివర జవాబులు బోలెడున్నాయి. వచ్చే ఏడు. నువ్వు పెద్దైనంక. డాక్టరమ్మ మందు కనిపెట్టినంక. బతుకంతా అందరికీ ఆమె చెప్పి వచ్చినవి అలాంటి మాటలే.

“నీకు రాదు బిడ్డా,” అంది.

రాజలింగం ఉలిక్కిపడి తలెత్తాడు.

“ఎప్పటికీనా?”

“ఎప్పటికీ రాదు. నా తప్పు వల్ల. పెద్దగైనంక నీకు అంత చెప్త. అప్పుడు నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు.”

మంజీర ఏడవలేదు. ఏడుస్తుందని ఓదెమ్మ ఎదురుచూసింది. ఆ ఏడుపు వినడానికి గుండె రాయి చేసుకుంది. పిల్ల ఆలోచిస్తున్నట్టుంది.

“అయితే నువ్వే చెప్పు ఎట్లుంటదో. సక్కగ చెప్పు, సగంల ఆపద్దు. ఆగు, అందర్ని పిలుస్త.”

సొరంగంలో అడుగుల చప్పుళ్ళు, తోపులాటలు, ‘జరుగురా’ అని ఎవరో, ‘నాకు వినవడ్తలేదు’ అని ఎవరో. ఓదెమ్మ సిమ్మును తండ్రికి అందించింది. లేచి, తీగ సాగినంత దూరం పందిరి దాటి నడిచింది. చెప్పులు విడిచి ఒట్టి కాళ్ళతో మిట్టమధ్యాహ్నపు బండ మీద నిలబడింది. అరికాళ్ళు చుర్రుమన్నాయి. కదల్లేదు.

“మొదలు పాదాలకు తెలుస్తది,” అని చెప్పడం మొదలుపెట్టింది.

“ఊఁ,” అన్నారు కిందినుంచి నలభై ఒక్కమంది.